సంతకు దిగేది, సంత నుంచి ఎక్కేది

వారానికి ఒకరోజు మా ఊరి బాట రెండుసార్లు నిండుతుంది. తెల్లారకముందే దిగువకు, పొద్దు వాలాక ఎగువకు. దిగేటప్పుడు మా తలల మీద, కావిళ్లలో ఉండేవి కాలాన్ని బట్టి మారుతుంటాయి. చలికాలంలో వలిసెలు, రాజ్మా. ఎండలు ముదిరేసరికి పసుపు, చింతపండు, అడ్డాకులు. ఆ తర్వాత పనసకాయలు. ఎక్కేటప్పుడు మాత్రం ఏ కాలమైనా మూట దాదాపు ఒకటే. ఉప్పు, ఎండుచేపలు, నూనె ప్యాకెట్లు, ఉల్లిపాయలు, మసాలా పొట్లాలు, టీపొడి, పంచదార, పిల్లలకు బిస్కెట్లు.

మొన్న ఒక సంతనాడు జీపు కోసం చింతచెట్టు కింద కూర్చున్నప్పుడు మాలో ఒకావిడ మూట విప్పి చూసుకుంటోంది. పొద్దున్న మూడు కుంచాల వలిసెలు అమ్మింది. వచ్చిన డబ్బులో కొంత పెట్టి పామాయిల్ ప్యాకెట్లు కొంది. పక్కనున్న కుర్రాడు నవ్వుతూ, "పిన్నీ, నూనె అమ్మేసి నూనె కొన్నావు కదే" అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వి, "మరి గానుగ ఏదిరా?" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. జీపు వచ్చింది, ఎక్కాం. కానీ ఆ మాట మాతోపాటే కొండెక్కింది. ఈ వ్యాసం అక్కడినుంచి మొదలయింది.

ఏ తిండి చేసుకోవాలి, ఏ తిండి కొనుక్కోవాలి? పట్నంలో ఇది తీరిక ప్రశ్న కావచ్చు. ఆవకాయ ఇంట్లో పెట్టాలా, సీసా తెచ్చుకోవాలా అని ఒక పూట మాట్లాడుకుని వదిలేయవచ్చు. మాకు అంత తేలిక కాదు. మా దగ్గర ఒక తిండి కొనడం మొదలయిందంటే, చాలాసార్లు ఒక పంట ఆగిపోతుంది. పంట ఆగితే విత్తనం పోతుంది. విత్తనంతోపాటు దాన్ని దంచే పద్ధతి, దాని కొత్త తినే పండగ, దాని పేరు పోతాయి. అలాగని అన్నీ చేసుకుందామంటే ఆ భారం ఎవరి నడుం మీద పడుతుందో కూడా మాకు తెలుసు. అందుకే ఈ ప్రశ్నను ధరల పట్టికతో తేల్చలేం. ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

ముందుగా ఒక అబద్ధాన్ని పక్కన పెట్టాలి. ఆదివాసులు ఒకప్పుడు అన్నీ తామే చేసుకునేవారని, బయటిదేదీ ముట్టేవారు కాదని మన గురించి రాసేవాళ్లు రాస్తుంటారు. మనవాళ్లు కొందరు కూడా సభల్లో అలాగే మాట్లాడుతున్నారు. అది నిజం కాదు. ఉప్పు ఏ కొండ మీదా పండదు. సముద్రం దగ్గర పుట్టిన ఉప్పు మా తాతల తాతల నాడు కూడా కావిళ్ల మీద, ఎద్దుల మీద కొండెక్కింది. ఎండుచేప కూడా అలాగే వచ్చింది. కత్తి, గొడ్డలి, పార కొండకమ్మరి చేస్తే మిగతావాళ్లు ధాన్యమిచ్చి తీసుకున్నారు. కుండ కుమ్మరిది. మనం ఎప్పుడూ కొన్నాం, ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకున్నాం. కొనడంలో తప్పేమీ లేదు. ఏమిచ్చి కొన్నాం, ఎవరి ఇష్టంతో కొన్నాం అన్నవే అడగాల్సినవి.

ఉప్పు సంగతే చూడండి. అది లేకపోతే జరగదని తెలిసినవాడు దానికి బదులు ఎంత చింతపండైనా అడగగలడు, అడిగాడు. ఉప్పుకీ బట్టకీ మొదలైన అప్పు పొలం దాకా వెళ్లిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. 1917లోనే ఏజెన్సీ ప్రాంతాలకు వడ్డీ, భూముల బదలాయింపు మీద ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టిందీ ఇందుకే. అడవి సరుకుకు ఒక ధర కట్టాలి, ఉప్పూ పప్పూ డిపోలో ఒక ధరకు దొరకాలి అని. ఆ సంస్థ మీద మాకు ఫిర్యాదులు లేకపోలేదు. అవి వేరే వ్యాసం. ఇక్కడ చెప్పేది ఒక్కటే. కొనడం వల్ల మనిషి చెడడు. ఒకే చోట, ఒకే మనిషి దగ్గర, అతను చెప్పిన ధరకే కొనక తప్పని స్థితి చెడగొడుతుంది.

అదే ఉప్పు మరో సంగతి కూడా చెబుతుంది. వానలకు కొండమట్టిలోని అయోడిన్ కొట్టుకుపోతుంది. ఆ మట్టిలో పండిన తిండిలోనూ అది తక్కువే. మా పెద్దల్లో మెడ కింద గడ్డలున్నవాళ్లను మేము చిన్నప్పుడు చూశాం. దేశంలో 1962లో ఈ గడ్డల నివారణకు కార్యక్రమం మొదలైంది, అయోడిన్ కలిపిన ఉప్పు వచ్చింది. ఆ ప్యాకెట్ ఉప్పు కొనుక్కుని తినడం మొదలయ్యాక పుట్టిన పిల్లల మెడలు వేరుగా ఉన్నాయి. కాబట్టి ప్యాకెట్లో వచ్చిందల్లా విషమని, కొండ మీద పుట్టిందల్లా అమృతమని చెప్పేవాళ్లకు ముందు ఈ ఉప్పు పొట్లం చూపించాలి.

ఇక రెండో సంగతి. చేసుకునేవాళ్లను చేసుకోనివ్వకుండా కొనిపించడం. ఇది మా చరిత్రలో చట్టం రూపంలోనే వచ్చింది. గోదావరి మన్యంలో 1879 రంప తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి. అందులో ముఖ్యమైనది కల్లు. జీలుగు, తాటి కల్లు అక్కడివాళ్లకు పండగనాటి సరదా మాత్రమే కాదు. ఏడాదిలో కొన్ని నెలలు అదే కడుపు నింపేది. దాని మీద మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేశాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వపు అబ్కారీ నియమాలు వచ్చి, ఇంటి అవసరానికి గీసుకునే కల్లును కూడా అడ్డుకుని, హక్కును గుత్తేదార్లకు అప్పగించాయి. తన చెట్టు తాను గీసుకుని తాగే మనిషి, అదే కల్లుకు ఇంకొకడికి డబ్బు కట్టాలి. జనం తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును భూమి కోసమని, స్వేచ్ఛ కోసమని చెప్పుకుంటాం, అదీ నిజమే. కానీ అందులో ఒక చిన్న మాట ఉంది: మా ఇంట్లో మేము చేసుకునేదాన్ని మా చేత కొనిపించవద్దు. తిండి విషయంలో హక్కు అంటే మాకు మొదట గుర్తొచ్చేది అదే.

ఈ రోజు మన చేత కొనిపించడానికి అమీను రానక్కర్లేదు. పోడు తగ్గింది, అడవిలోకి వెళ్లే దారులు తగ్గాయి, చోడి చేలలో నీలగిరి, జీడిమామిడి వచ్చాయి, కూలికి వెళ్తే రోజంతా బయటే. చేసుకునే వీలే పోయాక మనం కొంటాం. దాన్ని మన ఇష్టం అంటారు. 1879లో అడ్డం కనబడింది కాబట్టి ఎదురుతిరిగారు. ఇప్పటి అడ్డం కనబడదు.

ఇంతవరకు రాసి మేము ఆగిపోయాం. ఎందుకంటే ఇక్కడినుంచి తేలిగ్గా ఒక ముగింపుకు పోవచ్చు. బజారు చెడ్డది, ఇల్లు మంచిది, వెనక్కు వెళ్దాం అని. ఆ ముగింపు మా అమ్మమ్మలు ఒప్పుకోరు. టెంకపిండి గుర్తున్నవాళ్లు ఎవరూ ఒప్పుకోరు.

మామిడి టెంకల సంగతి ఈ తరం పిల్లలకు చెప్పాలి. పండు తిన్నాక టెంకలు పారేయకుండా పోగుచేసి ఎండబెట్టేవారు. పగలగొట్టి లోపలి జీడి తీసి, పొడి చేసి, బుట్టలోనో గుడ్డలోనో కట్టి పారే గెడ్డలో ఉంచేవారు. వగరు, చేదు నీళ్లలో కలిసిపోయేదాకా ఉంచి, ఆ పిండితో అంబలి కాచేవారు. వానాకాలంలో పాత ధాన్యం అయిపోయి కొత్త పంట రాని రోజులు అలా గడిచేవి. జీలుగుచెట్టు మొద్దులోని గుజ్జును దంచి పిండి తీసి తిన్నవాళ్లూ ఉన్నారు. కొండరెడ్ల గురించి హైమండార్ఫ్ రాసి 1945లో అచ్చయిన పుస్తకంలో ఈ రెండు తిండ్లూ ఉన్నాయి. చదివిన బయటివాళ్లకు అది గొప్ప విద్యగా కనిపిస్తుంది. నిజంగానే విద్య. తినడానికి పనికిరాని గింజను తిండిగా మార్చడం తక్కువ తెలివి కాదు. కానీ ఆ తెలివి ఆకలి నేర్పినది. టెంకంబలిని పండగకు కాచుకున్నామని ఏ ముసలమ్మా చెప్పదు.

ఆ విద్య తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో, మా సరిహద్దుకు అంత దూరం కాని ఊళ్లలో, టెంకల అంబలి తిని పలువురు చనిపోయారు. టెంకలు పాడవడం వల్లే చనిపోయారు, అది వాళ్ల ఆహారపు అలవాటు అని అధికార్లన్నారు. తినడానికి ఇంకేమీ లేక పాడైన టెంకలు తిన్నారు, అది ఆకలి చావు అని ఇంకొందరన్నారు. మాకు ఆ రెండో మాట అర్థమయింది. తడి తగిలి బూజుపట్టిన పిండిని ఎవరూ అలవాటు కొద్దీ తినరు. "ఆదివాసుల సంప్రదాయ ఆహారం" అనే మాటను మన ఆకలికి ముసుగుగా కూడా వాడవచ్చని అప్పుడు తెలిసింది.

అందుకే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మా ఇళ్లలో టెంకలు పోగుచేయడం తగ్గితే అది నష్టమని మేము అనలేం. ఒక విద్య మరుగున పడింది, నిజమే. ఒక భయం కూడా మరుగున పడింది. ఆ రెంటిలో ఏది బరువైనదో శ్రావణ మాసంలో ఖాళీ గాదె చూసినవాళ్లను అడగాలి.

అయితే ఆ బియ్యం భయంతోపాటు ఇంకా కొన్నింటిని తీసుకుపోయింది. చోళ్లు, సామలు, కొర్రలు గట్టు మీదికి జరిగాయి. మేము చోళ్లు అంటాం, కోస్తాలో రాగులు అంటారు, తెలంగాణలో తైదలు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. పాలు పెద్దగా తాగని మా ఇళ్లలో ఎముకలకు బలం చోడి అంబలే. తెల్లన్నం వచ్చాక అంబలి పేదవాళ్ల తిండి అయింది. హాస్టల్లో చేరిన మొదటి ఏడు, ఇంట్లో ఏం తింటారని అడిగితే అన్నం అని అబద్ధం చెప్పినవాళ్లం మాలో చాలామందిమి ఉన్నాం. చుట్టాలొస్తే అంబలి కుండ మీద మూత పెట్టి, కొట్టుకు పిల్లవాణ్ణి పరిగెత్తించి టీ, బిస్కెట్లు తెప్పించిన ఇళ్లూ మావే.

ఇప్పుడు గాలి మళ్లింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. పట్నంలో చోడిపిండి అందమైన సంచుల్లో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మాలో కొందరం ఇప్పుడు సభల్లో ఛాతీ విరుచుకుని అంబలి గురించి మాట్లాడుతున్నాం. ఒకప్పుడు సిగ్గుతో దాచాం, ఇప్పుడు గర్వంతో చూపిస్తున్నాం. రెండుసార్లూ మన కుండ వైపు మనం చూసింది ఇంకొకరి కళ్లతోనే. సిగ్గుపడి కొన్నది మనకు అచ్చిరాలేదు. గర్వం కోసం చేసుకునేది కూడా ఎంతకాలం నిలుస్తుందని మా అనుమానం. పట్నానికి ఇంకో మోజు పుట్టిన రోజున మన గర్వం ఎక్కడికి పోతుంది?

ఈ అనుమానం మాకు ఊరికే రాలేదు. మా ఊళ్లో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల వచ్చింది.

రెండేళ్ల కిందట కొత్తల పండగకు ముందు మా కుర్రాళ్లం కూర్చుని ఒక తీర్మానం రాశాం. ఈసారి పండగకు ఊళ్లో కొన్న తిండి ఉండకూడదు. పంచదార లేదు, మసాలా పొట్లం లేదు, డిపో బియ్యం లేదు. సామన్నం, కందిపప్పు, మన కోళ్లు, అడ్డాకుల్లో భోజనం. చాలా బాగుందనుకున్నాం. రాత్రి పెద్దల ముందు చదివాం. మగవాళ్లు తలలూపారు. వెనకనుంచి ఒక ముసలమ్మ అడిగింది: "ఊరందరికీ సామలు దంపేది ఎవులు బాబూ?"

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే మళ్లీ అంది: "మీరు కాయితం మీద రాసినారు. మేము రోట్లో రాయాల."

సామలు దంచడమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. చోళ్లకు దంపుడు పని తక్కువ, నూర్చి, తిరగలిలో విసిరితే పిండి. సామలు అలా కాదు. గింజ చిన్నది, పొట్టు గట్టిది. దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి, మళ్లీ చెరగాలి. ఎక్కువ దెబ్బ పడితే నూక అవుతుంది, తక్కువ పడితే పొట్టు పోదు. ఒక ఇంటి పూట భోజనానికి ఆడవాళ్లు కోడి కూసే వేళకు రోలు దగ్గర ఉండాలి. మా అమ్మల అరచేతుల్లో ఉన్న కాయలు రోకలి కాచినవి. మా ఊరి పక్కకు పిండిమర వచ్చిన రోజున ఆడవాళ్లు దానికి పసుపుకుంకుమ పెట్టారని చెప్పుకుంటారు. దాన్ని మూఢనమ్మకం అనుకునేవాళ్లు ఒక్క పొద్దు తిరగలి తిప్పి చూడాలి.

మేము సంస్కృతి అని పేరు పెట్టి రాసిందంతా ఇంకొకరి నడుంనొప్పి. దాన్ని ఎవరినీ అడక్కుండా తీర్మానం చేశాం. అబ్కారీ నియమం రాసినవాళ్లు గీతవాళ్లను అడగలేదు. మేము దంపేవాళ్లను అడగలేదు. తేడా ఉందని మొదట వాదించుకున్నాం. తేడా ఉంది, కానీ మేము అనుకున్నంత లేదు.

చివరికి తీర్మానం మార్చాం. దేవుడికి, పెద్దలకు పెట్టే సామన్నం మాత్రం దంచినదే. దంచేది మగవాళ్లు. ఊరి భోజనానికి డిపో బియ్యమే. ఆ ముందురోజు మా అవస్థ చూడటానికి ఊరంతా వచ్చింది. సగం నూకలయ్యాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. చాట పట్టడం ఎవరికీ రాలేదు, పొట్టుతోపాటు గింజలూ ఎగిరి కోళ్లపాలయ్యాయి. ఆడవాళ్లు నవ్వి నవ్వి, చివరకు వచ్చి మణికట్టు ఎలా తిప్పాలో చూపించారు. ఆ నూకల అన్నమే పెట్టాం. పెద్దలు కోప్పడినట్టు ఏ సూచనా కనబడలేదు.

ఆ రోజు తర్వాత మేము ఈ విషయాన్ని కొన్ని ప్రశ్నలుగా విడగొట్టి ఆలోచించడం నేర్చుకున్నాం. ఇవి సూత్రాలు కావు. సంతకు బయల్దేరే ముందు అడుగుకోదగినవి.

మొదటిది, ఇది కొనడం వల్ల ఎవరి చేతులకు విశ్రాంతి? పిండిమర వల్ల అమ్మకు రెండు గంటలు మిగిలాయి. ధాన్యం మనదే, విత్తనం మనదే, అంబలి మనదే, విసరడం ఒక్కటే బయటికి ఇచ్చాం. ఇందులో పోయింది శ్రమ, మిగిలింది నిద్ర. ఇలాంటి కొనుగోలుకు మేము సంకోచించనక్కర్లేదు.

రెండోది, మనం బయటికి ఇచ్చింది ఒక పనినా, మొత్తం వస్తువునా? చోళ్లు మరపట్టించడం వేరు, చోళ్లు వేయడం మానేసి చోడిపిండి ప్యాకెట్ కొనడం వేరు. బయటికి రెండూ పిండి కొనడంలాగే కనబడతాయి. మొదటిదాంట్లో మర ఆగిపోతే మూలనున్న తిరగలి దించుకుంటాం. రెండోదాంట్లో దించుకోవడానికి తిరగలి ఉన్నా పోయడానికి గింజ ఉండదు. డిపో నెల రోజులు తెరవకపోతే ఏం చేస్తాం అన్నది ఊహించుకునే కష్టం కాదు. వానలకు ఘాట్‌రోడ్డు తెగిన ప్రతిసారీ వస్తుంది. తిరిగి రాగలిగినంత దూరమే వెళ్లాలి అని మా తాతలు అడవి గురించి చెప్పేవారు. కొనడానికీ అది పనికొస్తుంది.

మూడోది, మనం అమ్మింది ఏమిటి, అదే పేరుతో తిరిగి కొన్నది ఏమిటి? ఇక్కడ మళ్లీ వలిసెల దగ్గరకు రావాలి. శీతాకాలం మొదట్లో అరకు దారిలో పసుపుపచ్చ చేలలో నిలబడి పట్నంవాళ్లు ఫొటోలు దిగుతారు. అవి మా వలిసెపూలు. ఆ గింజలో మంచి నూనె ఉంది. రెండు దుంగల మధ్య పెట్టి నొక్కి నూనె తీసేవారని పెద్దలు చెబుతారు. ఇప్పుడు గింజంతా షావుకారికి పోతుంది. దేశం దాటి వెళ్లినదాంట్లో చాలా భాగం అక్కడ పక్షులకు మేత. మేము కొనే పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వస్తుంది. కొండమీది నూనెగింజ సముద్రం దాటి పిట్టలకు పోయింది, సముద్రం దాటి వచ్చిన నూనె కొండెక్కింది. ఈ రెండు ప్రయాణాల ఖర్చూ లాభమూ అన్నీ మా మూటలోనే ఎక్కడో ఉన్నాయి. పసుపు అమ్మి పసుపు పొడి పొట్లం కొనడం, కాఫీ పండ్లు అమ్మి టీపొడి కొనడం కూడా ఈ వరసలోవే. కాఫీ మనకు అలవాటు లేదు, సరే. పసుపు దంచడం మాత్రం ఏడాదికి ఒక్క రోజు పని. ఆ ఒక్క రోజు మిగుల్చుకోవడానికి లోపల ఏం కలిసిందో తెలియని పొడి తినడం మాకు సబబుగా తోచలేదు.

మా దగ్గర ఇంకో వింత ఉంది. పర్యాటకులకు దారి పొడుగునా బొంగులో చికెన్ అమ్ముతున్నాం. వెదురు మనది, వండే తీరు మనది. కోడి మాత్రం దిగువ నుంచి వచ్చిన ఫారం కోడి, మసాలా పొట్లంలోది. దాన్ని గిరిజన వంటకం అంటారు. మేము దీన్ని మోసమని అనడం లేదు. నాలుగు కుటుంబాలు దానిమీద బతుకుతున్నాయి. కానీ అమ్మకానికి ఉన్న మన వంట, మనం తినే మన వంట వేరు వేరయ్యాయని గమనించకపోతే, కొన్నాళ్లకు మన పిల్లలే అదే మన వంట అనుకుంటారు.

నాలుగోది, అసలు కొనగలిగినదేనా? కొత్త తినే పండగలు దీన్ని మాకు నేర్పుతాయి. మామిడికొత్త చేసేదాకా కొత్త మామిడికాయ ముట్టం. చిక్కుడుకొత్త, సామకొత్త, కందికొత్త, అన్నింటికీ అంతే. చెట్టునిండా కాయలున్నా, దేవతకూ పెద్దలకూ పెట్టేదాకా ఆగుతాం. సంతలో అంతకుముందే మామిడికాయ దొరుకుతుంది. కొనుక్కొచ్చి పెడితే పండగ అయిపోతుందా? ఇది కిందటేడు మా పిల్లాడు ఒకడు నిజంగానే అడిగాడు. కాదని వెంటనే అన్నాం. ఎందుకు కాదో చెప్పడానికి సమయం పట్టింది. కాయ ఒకటే, రుచి ఒకటే. కొత్తలో మనం పెట్టేది కాయను మాత్రమే కాదు, ఆగిన రోజులను కూడా. మన కొండమీద ఈ ఏడు వాన పడింది, చెట్టు కాసింది, మనం ఇంకా ఉన్నాం అని చెప్పుకోవడం అది. సంతలో కాయ దొరుకుతుంది. ఆగిన రోజులు దొరకవు. అందుకే ఊరి భోజనానికి డిపో బియ్యం ఒప్పుకున్న ఆ ముసలమ్మే, దేవుడి దొప్పలో మాత్రం దంచిన సామలే ఉండాలంది. ఆవిడకు ఈ తేడా మాకంటే ముందే తెలుసు.

ఇంత చెప్పాక కూడా మా దగ్గర తేలని సంగతులు ఉన్నాయి. పొద్దున్నే ఉపాధి పనికి వెళ్లే తల్లి, అంగన్‌వాడీ తెరిచేలోగా పిల్లవాడి చేతిలో ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం పెట్టి వెళ్తుంది. రాత్రి మిగిలిన అంబలి ఉండి ఉండొచ్చు, లేకపోవచ్చు. పిల్లవాడు ఏడవకుండా ఉండటానికి ఆవిడకు దొరికిన దారి అది. ఆ బిస్కెట్‌లో మైదా, చక్కెర తప్ప ఏమీ లేదని ఆవిడకు ఉపన్యాసం ఇవ్వడానికి మాకు నోరు రాలేదు. ఆ పొట్లం గురించి మాట్లాడాలంటే ముందు ఆ రెండు గంటలు పిల్లవాణ్ణి ఎవరు చూస్తారో మాట్లాడాలి. ఊళ్లో ఖాళీగా ఉన్న మగవాళ్లు ఎంతమందో కూడా.

మీ తిండి మార్చుకోకండి, అదే మంచిది అని చెప్పే పట్నపు మిత్రులకు ఒక మాట. మీరు కొన్నప్పుడు దాన్ని సౌకర్యం అంటారు, మేము కొన్నప్పుడు మా సంస్కృతి పోయిందంటారు. మా అమ్మలకు కూడా నడుములు ఉన్నాయి. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకునే హక్కు మాదే. మేము పొరపాటు పడవచ్చు. పడినా అది మా పొరపాటు అయితే సరిదిద్దుకోగలం.

మన కుర్రాళ్లకు ఇంకో మాట. మన హక్కు అన్నప్పుడు అందులో ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టుకుందాం. రోలు దగ్గర ఉన్నవాళ్లు ఆ లెక్కలో లేకపోతే, తీర్మానం ఎంత బాగా రాసినా చించేయడమే మేలు. మనం ఏదైనా ఒక తిండిని నిలుపుకోవాలనుకుంటే మొదట దాన్ని చేయడం నేర్చుకోవాలి, తర్వాతే దాని గురించి పాటలు కట్టాలి.

ఈ ఏడు వలిసెలు కోశాక, సంతకు దించేముందు ఇంటికి రెండేసి కుంచాలు పక్కన పెట్టాం. దుంగల గానుగ ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. దిగువ ఊళ్లో నూనె మర ఉంది. అక్కడికి ఆటో కిరాయి, ఆడించిన కూలి, రోజు పని పోయినందుకు ఇంకొంత. అన్నీ కలిపి లెక్క వేస్తే ప్యాకెట్ నూనె కంటే ఎక్కువే పడేటట్టుంది. అందుకని పన్నెండు ఇళ్లవాళ్లం గింజలు కలిపి ఒకేసారి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. చెక్క తిరిగి తెచ్చుకుంటే పశువులకు ఉంటుంది. ఈ నూనె చేసుకున్నదో కొన్నదో మాకూ సరిగ్గా తెలియదు. చింతచెట్టు కింద గానుగ ఏదని అడిగినావిడ తన రెండు కుంచాలూ అందరికంటే ముందు తెచ్చి ఇచ్చింది. వచ్చే సంతకు వెళ్లేది ఆ గింజలతోనే.